బిల్లుకెక్కని జబ్బు ఖర్చు

(భీమవరంలో నిర్వహణశాస్త్ర విద్యార్థులు, గోదావరి జిల్లాల చిన్న ఆసుపత్రుల నిర్వాహకులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సభలో ఒకవైపు ఎంబీఏ చదువుతున్న విద్యార్థులు, మరోవైపు తణుకు, పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో ఇరవై, ముప్ఫై పడకల ఆసుపత్రులు నడుపుతున్న వైద్యులు, వాటి జమాఖర్చులు చూసే నిర్వాహకులు కూర్చున్నారు. బిజినెస్ స్కూళ్లలో ఆరోగ్యరంగం మీద జరిగిన పరిశోధన మన డెల్టాకు ఏం చెబుతోందో, దేన్ని పట్టించుకోకుండా వదిలేసిందో మీ రెండు వర్గాల ముందూ ఒకేసారి పెట్టదలచుకున్నాను. నా వాదన మొదటే చెబుతాను. ఆసుపత్రిలో దేనికి బిల్లు రాయగలమో దానికే బీమా వచ్చింది, దానికే ఖర్చు లెక్క వచ్చింది, యాజమాన్యం చూపు కూడా దాని మీదే నిలిచింది. ఏళ్ల తరబడి రోజూ ఒక మాత్ర వేసుకోవలసిన జబ్బు ఈ మూడింటికీ బయటే ఉండిపోయింది. గోదావరి జిల్లాల్లో మనుషులను ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది ఆ రెండో రకం జబ్బే.

ఈ చివరి మాట నా ఊహ కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో సంభవించిన మరణాలకు కారణాలేమిటో తెలుసుకోవడానికి ఒక పెద్ద అధ్యయనం జరిగింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబ సభ్యుల నుంచి రాసుకోగా, వాటిని వైద్యులు పరిశీలించి మరణకారణాన్ని నిర్ణయించారు. 2006లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవారు 32 శాతం, ప్రమాదాలూ గాయాల వల్ల పోయినవారు 13 శాతం, అంటువ్యాధుల వల్ల పోయినవారు 12 శాతం. పల్లెటూళ్లలో జనం జ్వరాలతో, విరోచనాలతో పోతారని, గుండెపోటూ పక్షవాతమూ పట్నవాసుల జబ్బులని ఉన్న నమ్మకం మన జిల్లాల్లో ఇరవై ఏళ్ల కిందటే చెల్లకుండా పోయిందన్నమాట. పక్షవాతానికీ గుండెపోటుకూ ముందు చాలాకాలం పాటు బీపీ ఉంటుంది, చక్కెర వ్యాధి ఉంటుంది. వాటికి మందులున్నాయి. ఆ మందులు చవకైనవి కూడా.

దీని పక్కనే మరో పరిశోధనను ఉంచి చూడాలి. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనిరుధ్ కృష్ణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లో 36 గ్రామాలను ఎంచుకుని, పాతికేళ్ల వ్యవధిలో ఏ కుటుంబం పేదరికం నుంచి బయటపడింది, ఏ కుటుంబం కొత్తగా అందులోకి జారింది అని ఊరివారినే కూర్చోబెట్టి అడిగారు. 14 శాతం కుటుంబాలు బయటపడగా 12 శాతం కుటుంబాలు జారిపోయినట్టు తేలింది. ఇన్నేళ్ల పథకాలు, పంటలు, ఉద్యోగాలు కలిసి ఒక చేత్తో పైకి లాగినదానిలో అధిక భాగాన్ని మరేదో కిందికి లాగేసింది. ఆ కిందికి లాగిన కారణాల్లో అనారోగ్యం, వైద్య ఖర్చు ప్రముఖంగా కనిపించాయి. పెళ్లిళ్లూ కర్మకాండల ఖర్చు, అధిక వడ్డీ అప్పు, కరువు కూడా ఉన్నాయి. కరువు మాట మెట్టప్రాంతాలకు ఎక్కువ వర్తిస్తుంది. సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి) రెండూ పండే డెల్టాలో పొలం ఎండకపోయినా ఇల్లు మునగడానికి జబ్బూ వడ్డీ చాలు.

అది ఎలా జరుగుతుందో ఇక్కడ కూర్చున్నవారికి తెలియనిది కాదు. మూడెకరాలు కౌలుకు చేస్తున్న మనిషికి పక్షవాతం వస్తే, ఆపరేషన్ అవసరమైతే, ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు మీద జరిగిపోవచ్చు. కాని అంబులెన్స్ వచ్చేలోపు పెట్టిన ఆటో ఖర్చు, స్కానింగ్ కోసం ఒక ఊరి నుంచి మరో ఊరికి తిరగడం, తోడుగా ఉన్న భార్య, కొడుకు పోగొట్టుకున్న కూలి, డిశ్చార్జి తర్వాత ఏడాది పొడవునా మందులు, ఫిజియోథెరపీ, ఇవేవీ కార్డు మీద జరగవు. పుస్తెలతాడు బ్యాంకులో తాకట్టుకు వెళుతుంది. అది చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు పుడుతుంది. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల అప్పు మీద ఏడాదికి 24,000 రూపాయలు వడ్డీకే పోతాయి. కౌలు రైతుకు భూమి కాగితం లేదు కనుక బ్యాంకులో పంట రుణం దొరకడమూ కష్టమే. అందుచేత కౌలుదారుడి ఇంట్లో జబ్బుకు అయ్యే అసలు ధర ఆసుపత్రి బిల్లు మీద ఎన్నడూ కనిపించదు.

ఆరోగ్యం మామూలు సరుకు కాదని ఆర్థికశాస్త్రం ఒప్పుకుని చాలాకాలమైంది. 1963లో ఆర్థికవేత్త కెనెత్ యారో రాసిన వ్యాసం దీనికి పునాది. జబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చాక ఏ వైద్యం పనిచేస్తుందో రోగికి తెలియదు, తెలిసిన వైద్యుడే అమ్మకందారు కూడా. కాబట్టి ధరలే అన్నీ సర్దుతాయని వదిలేయడానికి వీల్లేదని ఆయన వాదన. ఆ తర్వాత వచ్చిన పరిశోధన చాలామటుకు బీమా చుట్టూ తిరిగింది.

బీమా విషయంలో మన రాష్ట్రం దేశానికి ముందు నడిచింది. రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. మొదట్లో కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు రక్షణ. చికిత్సల జాబితా తర్వాత 942కు పెరిగింది. కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2018 సెప్టెంబరులో తెచ్చేనాటికి మన పల్లెల్లో గుండె ఆపరేషన్ ఉచితంగా చేయించుకుని తిరిగివచ్చినవారు ఊరికొకరైనా ఉన్నారు. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే ఆ పథకం నిర్మాణాన్ని నిర్వహణశాస్త్రం దృష్టితో చూడండి. ప్యాకేజీ అంటే ఆసుపత్రిలో చేరడంతో మొదలై ఇంటికి పంపడంతో ముగిసే ఒక పని, దానికొక కోడ్, దానికొక ధర. కొన్ని చికిత్సల తర్వాత వాడవలసిన మందులకు అనుబంధ ప్యాకేజీలు ఉన్నా, ఎన్నడూ ఆసుపత్రిలో చేరని బీపీ రోగి ఆ జాబితాలో ఎక్కడా ఇమడడు. అతనికి ఊరూరా తిరిగే 104 వైద్య వాహనం, ఊరి ఆరోగ్య కేంద్రం, లేదా మందుల షాపు దిక్కు.

బీమా వల్ల ఆరోగ్యం బాగుపడుతుందా, డబ్బు మాత్రమే మిగులుతుందా అన్న ప్రశ్నకు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం అనుకోకుండా ఒక గట్టి పరీక్ష పెట్టింది. 2008లో అక్కడ పేదలకు ఇవ్వదగిన బీమా స్థానాలు తక్కువగా, అడిగినవారు ఎక్కువగా ఉండటంతో లాటరీ తీశారు. లాటరీ తగిలినవారినీ తగలనివారినీ ఆర్థికవేత్తలు ఎమీ ఫిన్‌కెల్‌స్టీన్, కేథరిన్ బైకర్ తదితరులు పోల్చి చూశారు. రెండేళ్ల తర్వాత, బీమా వచ్చినవారిలో ఇల్లు గుల్లచేసే స్థాయి వైద్య ఖర్చులు దాదాపు మాయమయ్యాయి, మానసిక కుంగుబాటు తగ్గింది. రక్తపోటు, కొలెస్టరాల్, చక్కెర నియంత్రణల్లో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. మన పక్కనే కర్ణాటకలో పదివేలకు పైగా కుటుంబాలతో, ఆసుపత్రి బీమా కొందరికి ఉచితంగా ఇచ్చి, కొందరికి ధరకు అమ్మి, కొందరికి అసలు ఇవ్వకుండా పోల్చిన ప్రయోగంలోనూ ఆసుపత్రి వాడకం పెరిగింది గాని ఆరోగ్య సూచికల్లో పెద్ద మార్పు కనిపించలేదు. కాబట్టి బీమా వృథా అనేవారితో నేను ఏకీభవించను. అప్పుల నుంచి కాపాడటమే ఒక గొప్ప ప్రయోజనం. కాని బీపీని బీమా కార్డు తగ్గించదు. దాన్ని తగ్గించేది మాత్ర, ఆ మాత్ర నెలనెలా చేతికి అందే ఏర్పాటు.

ఇక ఆసుపత్రి లోపలి లెక్కలకు వద్దాం. ఈ రంగంలో బిజినెస్ స్కూళ్లు ఎక్కువగా చదివించిన భారతీయ ఉదాహరణ మధురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి. డాక్టర్ జి. వెంకటస్వామి పదవీ విరమణ తర్వాత 1976లో 11 పడకలతో దాన్ని ప్రారంభించారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు కస్తూరి రంగన్ 1993లో రాసిన కేసు ద్వారా అది ప్రపంచంలోని నిర్వహణ తరగతులన్నింటికీ చేరింది. అక్కడి రహస్యం పెద్దదేమీ కాదు. శస్త్రవైద్యుడి చేతులు మాత్రమే చేయగల పనిని ఆయనకు ఉంచి, మిగిలిన పనినంతా పల్లెల నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన ఆడపిల్లలకు అప్పగించారు. ఒక బల్ల మీద ఆపరేషన్ ముగిసేసరికి పక్క బల్ల మీద రోగి సిద్ధంగా ఉంటాడు. కంట్లో అమర్చే దిగుమతి కటకాల ధర భరించలేక 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంతంగా తయారీ మొదలుపెట్టారు. చెల్లించగలవారి రుసుముతో చెల్లించలేనివారికి వైద్యం అందుతోంది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన రాబర్ట్ కాప్లాన్, మైకేల్ పోర్టర్ 2011లో ప్రతిపాదించిన, ఏ పనికి ఎవరి సమయం ఎంత పడుతుందో చూసే ఖర్చు లెక్క పద్ధతి ఇదే ఆలోచనను అంకెల్లో పెడుతుంది. దాన్ని మన చిన్న ఆసుపత్రికి అన్వయించి చూపిస్తాను. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. నర్సుకు నెలకు 24,000 రూపాయల జీతం అనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, అందులో విరామాలూ రాతకోతలూ పోగా 80 శాతం రోగుల కోసం మిగిలితే, ఇంచుమించు 10,000 నిమిషాలు. అంటే నర్సు నిమిషం ఖరీదు 2 రూపాయల 40 పైసలు. వైద్యుడికి నెలకు రెండు లక్షలనుకుంటే ఆయన నిమిషం ఖరీదు 20 రూపాయలు. పాత బీపీ రోగిని వైద్యుడే ఆరు నిమిషాలు చూస్తే 120 రూపాయలు. నర్సు ఐదు నిమిషాల్లో బీపీ చూసి, బరువు తూచి, మాత్రలు సరిగా వాడుతున్నారా అని అడిగి రాసిపెడితే, వైద్యుడు రెండు నిమిషాల్లో నిర్ణయం తీసుకోగలిగితే, మొత్తం 52 రూపాయలు. ఈ లెక్క మన ఆసుపత్రుల్లో ఎవరూ వేయరు. ఆపరేషన్ థియేటర్ లెక్క వేస్తారు, ఐసీయూ లెక్క వేస్తారు. ఓపీని, అంటే చేరకుండా చూపించుకుని వెళ్లేవారి విభాగాన్ని, మాత్రం ఆసుపత్రిలో చేరే రోగులు వచ్చే దారిగానే చూస్తారు. అందుకే అక్కడి ఖర్చు ఎంతో, అక్కడ పోతున్న సమయం ఎంతో ఎవరికీ తెలియదు.

ఆ సమయం గురించి ఇంకొక మాట. రోగులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే చోట, ఒకరిని చూడటానికి సగటున ఐదు నిమిషాలు పట్టే ఒకే వైద్యుడు ఉన్నచోట, క్యూ సిద్ధాంతంలోని అతి సాదా సూత్రం ప్రకారం, వైద్యుడి సమయంలో 80 శాతం నిండితే రోగి సగటున 20 నిమిషాలు వేచి ఉండాలి. 90 శాతం నిండితే 45 నిమిషాలు, 95 శాతం నిండితే 95 నిమిషాలు. వైద్యుడిని ఒక్క క్షణం ఖాళీగా ఉంచకపోవడమే సామర్థ్యమనుకునే యాజమాన్యం ఆ చివరి 15 శాతం కోసం రోగిని గంటకు పైగా అదనంగా కూర్చోబెడుతోంది. నాట్ల రోజుల్లో ఆ గంటతో ఒక పూట కూలి పోతుంది. పూట కూలి పోయేచోటికి నెలనెలా రమ్మంటే మనిషి రెండు నెలలు వచ్చి, మూడో నెల మానేస్తాడు. మాత్ర మానేసినట్టు ఆసుపత్రికి తెలియదు. తెలిసేది పక్షవాతంతో తీసుకువచ్చినప్పుడే.

అరవింద్ నమూనాను యథాతథంగా తెచ్చి బీపీకి పెట్టలేకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. కంటిశుక్లం ఒకసారి తీస్తే పని అయిపోతుంది. రోగిని ఒక్కరోజు రప్పించగలిగితే చాలు. రక్తపోటు రోగిని ఇరవై ఏళ్ల పాటు రప్పించాలి. ఒకరోజు పనిని గొప్పగా నిర్వహించడం మనం నేర్చుకున్నాం. ఇరవై ఏళ్ల పనిని నిర్వహించడం ఇంకా నేర్చుకోలేదు.

చిన్న ఆసుపత్రుల యజమానులు నాతో ఎక్కువగా చెప్పుకునే బాధ బకాయిలు. ప్రభుత్వ బీమా పథకం కింద చేసిన వైద్యానికి డబ్బు ఆలస్యంగా రావడం, ఆ పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామని ప్రకటించడం, అప్పుడు కొంత విడుదల కావడం పత్రికల్లో పదేపదే చూస్తున్నాం. దీన్ని ఫైనాన్స్ పాఠంగా చూడమని విద్యార్థులను కోరుతున్నాను. నెలకు 40 లక్షల రూపాయల క్లెయిములు పంపే ఆసుపత్రికి ఆరు నెలలు ఆలస్యమైతే, ఎప్పుడు చూసినా 2 కోట్ల 40 లక్షలు బయటే ఉంటాయి. ఆ మొత్తాన్ని 12 శాతం వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి 28 లక్షల 80 వేలు. ఏడాది క్లెయిములు 4 కోట్ల 80 లక్షలు కనుక, వడ్డీయే అందులో ఆరు శాతం. ప్యాకేజీ ధరలో పది శాతం మిగులుతుందనుకుంటే, అందులో సగానికి పైగా ఆలస్యమే తినేస్తుంది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తుంది, ఇతర ఆదాయమూ ఉంటుంది. పాలకొల్లులో పాతిక పడకల ఆసుపత్రి సిబ్బంది జీతాలు ఆపాలి, మందుల సరఫరాదారుకు బాకీ పెట్టాలి, లేదా పథకం రోగులను తగ్గించుకోవాలి. కాలువ మొదట్లో పొలాలకు నీరు సమృద్ధిగా అంది, శివారు భూములకు వంతు వచ్చేసరికి అడుగంటినట్టు, ప్రజాధనం కూడా ఈ విధంగా శివారుకు చేరేసరికి సన్నబడుతోంది. అధికారులు ఆమోదించిన క్లెయిమును బ్యాంకు ముందుగానే డిస్కౌంటు చేసుకుని, అంటే కొంత కోత పెట్టుకుని, డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఆ డిస్కౌంటు భారాన్ని ఆలస్యం చేసినవారే భరించే నిబంధన ఉంటే, ఏమవుతుందో లెక్కగట్టడం ఒక మంచి ప్రాజెక్టు.

ఇలా నలిగిపోయిన ఆసుపత్రి చివరకు అమ్మకానికి వస్తుంది. కొనేవారి గురించి కూడా పరిశోధన ఉంది. వార్టన్ బిజినెస్ స్కూల్‌కు చెందిన అతుల్ గుప్తా, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన సబ్రీనా హొవెల్, అప్పట్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న కాన్‌స్టంటైన్ యాన్నెలిస్, అభినవ్ గుప్తా కలిసి అమెరికాలో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు, అంటే వ్యాపారాలను కొని కొన్నేళ్లకు లాభానికి అమ్మే పెట్టుబడి సంస్థలు, కొన్న వృద్ధుల సంరక్షణ కేంద్రాలను పరిశీలించారు. అక్కడ స్వల్పకాలం ఉండే రోగుల్లో మరణాలు సుమారు పది శాతం పెరిగాయి, రోగి దగ్గర నర్సింగ్ సిబ్బంది తగ్గారు. 2023లో వచ్చిన మరో అధ్యయనం, అటువంటి సంస్థలు కొన్న ఆసుపత్రుల్లో చేరిన రోగులకు అక్కడే సంభవించే హాని, అంటే కింద పడటం, గొట్టాల ద్వారా ఇన్‌ఫెక్షన్ సోకడం వంటివి, 25 శాతం ఎక్కువైనట్టు చూపింది. అమెరికా పరిస్థితులు వేరు, నిజమే. కాని మూడు నాలుగేళ్లలో లాభంతో అమ్ముకుని వెళ్లిపోవాలనుకునే పెట్టుబడికి, ఇరవై ఏళ్ల పాటు చూడవలసిన రోగి మీద ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుందని అడగడం మన హక్కు.

ఇప్పుడు మన జిల్లాలోనే జరిగిన ప్రయోగం ఒకటి చెప్పాలి. నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఇదే. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని పల్లెల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్ యంత్రాలు ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువో లెక్కగట్టి వైద్యుడి దగ్గరకు పంపే ఏర్పాటు చేశారు. స్మార్ట్‌హెల్త్ అని దాని పేరు. ఫలితాలు 2019లో వచ్చాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో రక్తపోటు అదుపులోకి వచ్చినవారు ఈ ఏర్పాటు ఉన్నచోట 41.2 శాతం, లేనిచోట 39.2 శాతం. గణాంకశాస్త్రం దీన్ని తేడాగా ఒప్పుకోదు. ఆశా కార్యకర్తలు తమ పని చేశారు, రోగులను గుర్తించారు, వైద్యుడి దగ్గరకు పంపారు. గుర్తించడం సాంకేతిక విజ్ఞానం చేయగలదు. వైద్యుడు ఆ రోజు ఉండటం, తగిన మందు రాయడం, ఆ మందు అక్కడ నిల్వ ఉండటం, మళ్లీ నెలకు మనిషి రావడం, ఇవన్నీ నిర్వహణ పనులు. ఆ గొలుసులో ఏ లింకు తెగినా ట్యాబ్లెట్ యంత్రం చేయగలిగింది లేదు.

మందుల నిల్వ విషయంలో తమిళనాడు చూపిన దారి ఉంది. 1994లో అక్కడ ఏర్పడిన వైద్య సేవల సంస్థ మందులన్నింటినీ ఒకేచోట కొని, జిల్లా గోదాముల్లో ఉంచి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చింది. ఆసుపత్రి తన కేటాయింపు విలువలోపల తనకు కావలసిన మందు తీసుకుంటుంది, తీసుకున్నది పుస్తకంలో పడుతుంది. పైవారు పంపింది తీసుకోవడం కాక, కిందివారు కావలసింది అడగడం ఇందులో కీలకం.

మరి మాత్ర కోసం మనిషి మొదట వెళ్లేది ఎవరి దగ్గరకు? చాలా ఊళ్లలో, వైద్య పట్టా లేకుండానే వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరకు. ఆయనను చర్చలోంచి తీసేసి మాట్లాడటం పెద్దమనుషులకు అలవాటు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో ఇటువంటి వైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి, నటనలో తర్ఫీదు పొందిన రోగులను చెప్పకుండా పంపి పరీక్షించారు. జిష్ణు దాస్, అభిజిత్ చౌధురి, హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన రేష్మాన్ హుస్సామ్, అభిజిత్ బెనర్జీ చేసిన ఆ పరిశోధన 2016లో వచ్చింది. శిక్షణ పొందినవారు సరైన వైద్యం చేయడం పెరిగింది. అనవసరమైన యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. మందు అమ్మితేనే ఆదాయం వచ్చే మనిషికి జ్ఞానం పెంచినంత మాత్రాన అమ్మకం ఎందుకు తగ్గుతుంది? ఆయనకు ఇంజెక్షన్‌కు బదులు, నెలనెలా బీపీ చూసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇచ్చిన మాత్రలు వాడించినందుకు చిన్న పారితోషికం ఇస్తే ఏమవుతుందన్నది పరీక్షించి చూడవలసిన ప్రశ్న. చట్టపరమైన అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని నేను చిన్నవి అనడం లేదు. కాని జనం ఆయన దగ్గరకు వెళ్లడం ఆ అభ్యంతరాల కోసం ఆగదు.

కాబట్టి విద్యార్థులను నేను అడిగేది ఇది. మీ ప్రాజెక్టు కోసం హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రి వార్షిక నివేదిక తీసుకోవద్దు. ఇక్కడి ఒక ఓపీ తీసుకోండి. బీపీ, షుగరు మందు మొదలుపెట్టినవారిలో ఎందరు రెండో నెల వచ్చారు, ఎందరు ఆరో నెల వచ్చారు, నాట్ల నెలల్లోనూ కోతల నెలల్లోనూ రాక ఎంత తగ్గింది, వచ్చినవారు ఎంతసేపు కూర్చున్నారు, వచ్చేందుకు ఎంత కూలి వదులుకున్నారు అని పన్నెండు నెలల పాటు రాయండి. కోనసీమ లంకల్లో అయితే వరద రోజుల్లో పడవ దాటి రావలసినవారి లెక్క విడిగా రాయండి.

ఆసుపత్రుల నిర్వాహకులకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ లెక్క మొదలుపెట్టిన ఏడాది మీ అంకెలు చెడ్డగా కనిపిస్తాయి. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, చక్కగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై ఉండటం చూసి మొదట ఆశ్చర్యపోయారు. అక్కడ నర్సులు భయం లేకుండా చెప్పుకోగలిగేవారు కాబట్టి రాశారు, మిగిలినచోట్ల దాచారు. మీ రిజిస్టరులో సగం మంది మందు మానేసినట్టు కనిపిస్తే, దాన్ని రాసిన నర్సును మందలించకండి. ఆ సంఖ్యను పక్క ఆసుపత్రితో పోల్చి ప్రకటన వేయకండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన తర్వాత ఆ రిజిస్టరు నకలును విద్యార్థులకు ఇవ్వండి. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవారు, రాయడానికి సిద్ధంగా ఉన్న విద్యార్థులు ఈ సభ ముగిశాక ఇక్కడే ఉంటే, ఏ పట్టికలో ఏం రాయాలో మనం కలిసి ఇవాళే నిర్ణయించుకుందాం. సార్వా నాట్లకు ముందే మొదలుపెడితే మొదటి తేడా ఈ ఏడాదిలోనే పట్టుబడుతుంది.